బుష్ పెట్టాక ఇంకో పూత

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మా వదిన అందులో సగం మాటే వింది. కీడు ఎంచడం దగ్గర మొదలుపెట్టి అక్కడే కాపురం పెట్టేసింది. నాలుగు చినుకులు పడితే వరద వస్తుందంటుంది, ఎవరైనా తుమ్మితే నుదురు పట్టి చూస్తుంది, వేళకాని వేళ ఫోన్ మోగితే ముందు కుర్చీలో కూర్చుని ఆ తర్వాత తీస్తుంది. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా వచ్చాక మళ్ళీ వెనక్కి వెళ్ళి తాళం లాగి చూడటం రోజూ ఉండేదే. నేను ఆమెకు ఆడపడుచుని. ఆడపడుచు అర్ధమొగుడన్నారు కాబట్టి ఆమెను ఆటపట్టించే హక్కులో సగం నాది. మిగతా సగం మా అన్నయ్యది. ఆయన తన వాటాను ఒక్కరోజు కూడా వృథా పోనివ్వలేదు.

"వెళ్ళు, ఇంకోసారి లాగి చూసిరా. లేకపోతే తాళం బెంగపెట్టుకుంటుంది," అనేవాడు వీధి మధ్యలో నిలబడి.

అన్నయ్య కరెంటు శాఖలో పనిచేస్తాడు. సబ్‌స్టేషన్లలో ఇనప బీరువాల్లా నిలబడి ఉండే ప్యానెళ్ళను బిగించి, వాటికి మొదటిసారి కరెంటు ఇచ్చేది ఆయన జట్టే. ముట్టుకుంటే మసైపోయే చోట రోజంతా తిరిగొచ్చే మనిషికి భయం అంటే నవ్వులాట. వదినకు మాత్రం ఆయన గుమ్మం దాటిన దగ్గర్నుంచి ఆయన చెప్పుల చప్పుడు మళ్ళీ గుమ్మంలో వినిపించేదాకా ప్రాణం గుప్పిట్లోనే ఉండేది. ఆ భయం ఒక్కదాన్నీ నేను ఎప్పుడూ ఎగతాళి చెయ్యలేదు. అది నాకూ ఉంది.

వదినా నేనూ ఒకే వర్క్‌షాపులో పనిచేస్తాం. అక్కడ ఎపాక్సీ పోతపోసి ఇన్సులేటర్లు తయారుచేస్తారు. ప్యానెల్ లోపల కరెంటు పారే రాగి పట్టీలు ఇనప చట్రానికి తగలకుండా ఎత్తిపట్టుకునే గోధుమరంగు దిమ్మెలవి. దిమ్మెకు రెండు కొసల్లోనూ మర ఉన్న చిన్న ఇత్తడి గొట్టం, బుష్ అంటాం, ఒక్కొక్కటి దిగేసి ఉంటుంది, బోల్టు వచ్చి అందులో బిగుస్తుంది. ఉక్కు అచ్చులో ముందు బుష్షులు నిలబెట్టి, అచ్చు మూసి, ఎపాక్సీ రెసిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిపి పోస్తారు. ఓవెన్‌లో గట్టిపడ్డాక అచ్చు విప్పి దిమ్మెను బయటికి తీస్తారు. అంచుల్లో మిగిలిన పొరలు గీకి నునుపు చేసే బల్ల నాది. అచ్చు లోపల పూత పెట్టే పని వదినది.

ఆ పూతను మావాళ్ళు రిలీజ్ అంటారు. ఎపాక్సీకి సిగ్గూ ఎగ్గూ లేదు, ఏది అందితే దాన్ని పట్టుకుంటుంది. ఉక్కును పట్టుకుందంటే ఇక ఉలి పెట్టి కొట్టాల్సిందే. మధ్యలో ఒక సన్నటి పొర అడ్డం ఉంటేనే దిమ్మె అచ్చును వదిలిపెడుతుంది. వదిన చేరిన కొత్తలో అలాగే ఒక దిమ్మె అంటుకుపోయింది. ఉలి దెబ్బలకు దిమ్మె పగిలింది, అచ్చు లోపల గీత పడింది. మా సూపర్‌వైజర్‌ను అందరం తొందరయ్య అంటాం, ఎదుట కాదు లెండి. ఆయన షాపంతా దద్దరిల్లేలా అరిచాడు. ఆ అచ్చుకు పూత పెట్టింది వేరే మనిషి. అయినా తప్పు తనదేనన్నట్టు వదిన మూల నిలబడి వణికింది. ఆ తర్వాత పూత పని తనకే ఇమ్మని అడిగి మరీ తీసుకుంది. ఇంకెవరో సరిగ్గా పెట్టారో లేదోనని భయపడుతూ కూర్చోవడం కన్నా, తనే పెట్టుకుంటే కాస్త తక్కువ భయం అని ఆమె లెక్క.

నిజం చెప్పాలంటే ఆ పని భయస్తులకే నప్పుతుంది. డబ్బాలో వచ్చే మైనాన్ని మెత్తటి గుడ్డతో పలచగా రాసి, అది మసకబారేదాకా ఆగి, మెరిసేలా తుడిచి, మళ్ళీ రాసేది. మందంగా రాస్తే దిమ్మె మీద మరకలొస్తాయి, పలచగా రాస్తే అంటుకుంటుంది. ఆరాక తోలులా ఊడొచ్చే ద్రవం ఒకటి తెచ్చిస్తే దాన్నీ చూసింది. చదునుగా ఉన్నచోట బాగానే ఉంది కానీ దిమ్మె చుట్టూ ఉండే మడతల దగ్గర గుంటల్లో పేరుకుంటోందని పక్కన పెట్టింది. తుక్కు రేకు ముక్కల మీద ఒక్కోదానికి ఒక్కో పూత పెట్టి, పైన చెంచాడు రెసిన్ పోసి, మర్నాడు బొటనవేలితో తోసి చూసేది. తోయగానే ఎగిరిపోతే ఆమె ముఖం చూడాలి, పరీక్ష పాసైన పిల్లలా ఉండేది.

ఆ తర్వాత పెద్ద ఆర్డర్లు రావడం మొదలైంది. మైనం రాస్తూ కూర్చుంటే ఎప్పటికి తెములుతుందని తొందరయ్య స్ప్రే డబ్బాలు తెప్పించాడు. వదిన వాటినీ రేకు ముక్కల మీద పరీక్షించింది. బాగానే పనిచేస్తోంది అని ఒప్పుకుని, ఒక్క నియమం పెట్టింది.

"ఖాళీ అచ్చుకే కొట్టాలి. ఆరాకే బుష్షులు పెట్టాలి. ఈ తుంపర బుష్షుల మీద పడకూడదు. ఎపాక్సీ అచ్చును వదలాలి, బుష్‌ని పట్టుకోవాలి."

ఆ నియమం పెట్టింది తనే. ఇది గుర్తుంచుకోండి.

అన్నయ్యవాళ్ళ కొత్త సబ్‌స్టేషన్‌కు దిమ్మెల ఆర్డర్ మాకే వచ్చింది. ఆయన మురిసిపోయాడు. "ఇంట్లో నీ చేతి వంట, అక్కడ నీ చేతి దిమ్మెలు. తప్పించుకునే దారే లేదు," అన్నాడు. వదిన నవ్వలేదు. ఆయన ప్యానెల్‌లోకి వెళ్ళే దిమ్మె మీద చిన్న మచ్చ కూడా ఉండకూడదని పని మొదలుకాకముందే నిద్ర మానేసింది.

ఆ ఆర్డర్ మొదలైన రోజు మొదటి దిమ్మెలు తేలిగ్గానే వచ్చాయి. పరీక్షకు పంపింది వాటిలోంచే. ఆ తర్వాత ఒకటి రానని మొరాయించింది. రబ్బరు సుత్తితో తట్టి తట్టి తీశారు. తొందరయ్య పక్కనే నిలబడి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అరిచినా బాగుండేది. ఆయన నోరు మెదపకపోవడంతో వదినకు పాత అరుపంతా చెవుల్లో మోగింది. తర్వాతి అచ్చు సిద్ధమైంది, బుష్షులు పెట్టేశారు, అవతల రెసిన్ కలుపుతున్నారు. మూతపడబోయే ముందు ఆమె చుట్టూ చూసి, డబ్బా తీసి, లోపలికి ఇంకొక్కసారి కొట్టింది. ఆ దిమ్మె అరటిపండు తొక్క ఒలిచినట్టు వచ్చింది. దాంతో ఆ ఆర్డర్ అయ్యేదాకా అలాగే చేసింది. ఈ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. ఆ మొరాయించిన దాని తర్వాత ఒక్కటీ అంటుకోలేదని నేను ఆమె వీపు కూడా తట్టాను.

దిమ్మెలు వెళ్ళిపోయాయి, అక్కడ బిగించడం కూడా అయిపోయింది. ఒకరోజు పొద్దున అన్నయ్య బూట్లు వేసుకుంటూ, "ఇవాళే నీ దిమ్మెలకు కరెంటు. భోజనాలు కాగానే ఇచ్చేస్తాం," అన్నాడు. వదిన ఎప్పటిలాగే జాగ్రత్త అంది. ఆయన ఎప్పటిలాగే చెయ్యి ఊపాడు.

నా బల్ల మీద ఒక తీసేసిన దిమ్మె ఉండేది. అంచు విరిగిందని పక్కన పెడితే, గరుకు కాగితాలు ఎగిరిపోకుండా బరువుకు నేనే తెచ్చుకున్నాను. ఎత్తడానికి వీలుగా బుష్‌లో ఒక బోల్టు బిగించి దాన్నే పిడిలా వాడుతున్నాను. ఆ పూట కాగితం కోసం దాన్ని పైకెత్తాను. బోల్టు నా చేతిలోకి వచ్చింది, దిమ్మె నా కాలి మీద పడింది.

కాలు పట్టుకుని గెంతాను. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. బోల్టు చివర బుష్ మొత్తం ఊడి వేలాడుతోంది. కుంటుకుంటూ వెళ్ళి దాన్ని వదినకు చూపించాను.

"చూడు నీ పూత మహిమ! అచ్చునే కాదు, బుష్‌ని కూడా వదిలేసింది!"

వదిన దాన్ని తీసుకుని వేలితో రాసింది. బుష్ చుట్టూ ఎపాక్సీ పట్టుకోవడానికి నిలువు గీతలుంటాయి. ఆ గీతల్లో ఒక్క నలుసు కూడా లేదు. అంగట్లో కొన్నప్పటిలా శుభ్రంగా ఉంది.

"ఇది ఏ ఆర్డర్‌ది?"

"అన్నయ్యవాళ్ళదే. అంచు విరిగిందని..."

వదిన ఉన్నచోటే కింద కూర్చుండిపోయింది. "బుష్షులు పెట్టాక ఇంకోసారి కొట్టాను అమ్మాయ్."

"దేనికి?"

"భయమేసి."

నేను చదువుకున్నదాన్ని కాదు కానీ అన్నయ్య భోజనం దగ్గర చెప్పే మాటలు వింటూ పెరిగినదాన్ని. ఆ నిలువు గీతల వల్ల బుష్ తిప్పితే తిరగదు. బోల్టు బిగించేవాడికి అంతా గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. లాగితే మాత్రం వచ్చేస్తుంది. రాకపోయినా, బుష్‌కీ ఎపాక్సీకీ మధ్య వెంట్రుకంత గాలి ఉంటే అంత పెద్ద కరెంటు దాన్ని ఊరికే వదిలిపెట్టదు. అక్కడే చిటపటలాడుతూ లోపల్నుంచి కాల్చుకుంటూ వస్తుంది. ఒక్క దిమ్మె పోతే పట్టీ చట్రానికి తగులుతుంది. తగిలితే ప్యానెల్ తలుపు ఎగిరిపోతుంది. ఆ తలుపు ముందు మీట పట్టుకుని నిలబడేది మా అన్నయ్య.

ఆయనకు ఫోన్ చేశాను. కట్టేసి ఉంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఫోన్లు బయట పెట్టెలో పెట్టెయ్యాలి, వాళ్ళ నిబంధన అది. వదిన ఎలా లేచిందో లేచి, బుష్ పట్టుకుని తొందరయ్య గదిలోకి వెళ్ళింది. ఏ మనిషి అరుస్తాడని ఇన్నాళ్ళూ వణికిందో ఆ మనిషి ముందే నిలబడి, చేసిందంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

"శాంపిల్ పాసైంది కదమ్మా?" అన్నాడాయన.

"అది ముందు తీసిన దిమ్మె సార్. నేను ఇలా కొట్టింది ఆ తర్వాత."

తొందరయ్య బుష్‌ను వెలుగులోకి పట్టుకుని చూశాడు. అరవలేదు. సబ్‌స్టేషన్ ఆఫీసుకు ఫోన్ కలిపాడు, మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. "మీరు బయల్దేరండి. నేను చేస్తూనే ఉంటాను," అన్నాడు.

నా స్కూటర్ ఎక్కితే వదిన ఎప్పుడూ నా భుజం పిండేస్తూ మెల్లగా, మెల్లగా అని సణుగుతుంది. ఆ రోజు కూడా భుజం పిండింది కానీ, "ఇంకా తొందరగా, ఇంకా," అంటోంది. ఎర్రదీపం దగ్గర ఆగాల్సి వచ్చింది. పక్కన లారీ, ముందు బస్సు, కదలడానికి సందు లేదు. అప్పుడే ఎక్కడో ఢామ్మని పేలినట్టు శబ్దం వచ్చింది. వదిన నా వీపుకు తల ఆనించి, "అయిపోయింది, అయిపోయింది," అంటూ చిన్నపిల్లలా ఏడవటం మొదలుపెట్టింది. చూస్తే వీధి పక్కన బండిలోంచి ఇనప రేకులు దించుతున్నారు.

సబ్‌స్టేషన్ గేటు దగ్గర కాపలాదారు అడ్డం నిలబడ్డాడు. పాస్ లేనిదే లోపలికి వదలనన్నాడు. అతని తప్పేమీ లేదు, అది అతని పని. ఇంట్లో నన్ను పిలవాలన్నా రెండో గదిలోకి వచ్చి పిలిచే వదిన, గేటు ఊచలు పట్టుకుని అరిచింది.

"కరెంటు ఇవ్వకండి! ఏవండీ, కరెంటు ఇవ్వకండి!"

ఆ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. లోపల చెట్టు కింద అన్నం డబ్బాలు మూసి లేస్తున్న జట్టు ఇటు తిరిగింది. అందరికన్నా ముందు హెల్మెట్ చేత్తో పట్టుకుని అన్నయ్య వచ్చాడు.

"తాళం వేశావో లేదో అడగడానికి ఇంత దూరం వచ్చావా?" అన్నాడు నవ్వుతూ.

వదిన ఊచల మధ్యనుంచి బుష్‌ను ఆయన అరచేతిలో పెట్టింది. "బోల్టు పట్టుకుని లాగితే వచ్చింది. నేనే పాడు చేశాను. మీరు లాగి చూడండి."

ఆయన బుష్ వంక చూశాడు, వదిన ముఖం వంక చూశాడు. నవ్వు ఆరిపోయింది. వెనకే వచ్చిన ఇంజనీరు, మీటరు పెట్టి చూశాం, అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. "ఒక పట్టీ విప్పి చూద్దాం సార్," అన్నాడు అన్నయ్య. ఇంజనీరు వాచీ చూసుకుని, ఆ తర్వాత వదినను చూసి, సరే విప్పమన్నాడు.

మమ్మల్ని ప్యానెల్ గది తలుపు దగ్గర నిలబెట్టారు. అన్నయ్య పట్టీ విప్పి, దిమ్మెలో బోల్టు బిగించి రెండు చేతులతో లాగాడు. రాలేదు. రెండోదీ రాలేదు. జట్టులో ఒకడు మా వంక చూశాడు. వదిన పిచ్చిదై ఉంటే బాగుండునని, ఊరంతా నవ్వినా పర్వాలేదని నేను మొక్కుకున్నాను. మూడోదాన్ని లాగగానే అన్నయ్య వెనక్కి తూలి గోడకు తగిలాడు. బోల్టు, దాని చివర బుష్, రెండూ ఆయన గుప్పిట్లో ఉన్నాయి.

అన్నయ్య గోడ వెంటే జారి నేల మీద కూర్చున్నాడు. తను నిలబడబోయిన చోటు వైపు ఒకసారి చూసి, చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

ఆ ఆర్డర్ దిమ్మెలన్నీ వెనక్కి వచ్చాయి, కొత్తవి పోసి పంపాం. వదినను పనిలోంచి తీసెయ్యలేదు. తీసేస్తే బాగుండునని ఆమె కోరుకుందని నాకు తెలుసు. తొందరయ్య పిలిచి, ఏ పూత వాడాలో మళ్ళీ నువ్వే చెప్పమన్నాడు. మైనానికే పోదామని అందరం అనుకున్నాం. వదిన తల అడ్డంగా ఊపింది.

"మైనం గుడ్డ మాత్రం బుష్ మీదికి పోదా? పూతది తప్పు కాదు సార్. నా చేతిది."

స్ప్రేనే ఉంచింది. ఖాళీ అచ్చులకు వేరే గదిలో కొట్టడం, డబ్బా బీరువాలో పెట్టి తాళం వెయ్యడం, ఆ తర్వాతే బుష్షులను శుభ్రమైన గుడ్డలో చుట్టి తేవడం, కొత్త గ్లౌజులతోనే ముట్టుకోవడం. ఆ బీరువా తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బుష్షులు పెట్టాక నేను అడిగితే ఇవ్వకు. ఏడ్చినా ఇవ్వకు."

ఇంట్లో అన్నయ్య ఆమెను ఒక్క మాట అనలేదు. ఎగతాళి కూడా మానేశాడు. అదే భయంగా ఉండేది. పొద్దున్నే ఇంటికి తాళం వేశాక ఆమె వెనక్కి తిరిగేలోపు ఆయనే వెళ్ళి లాగి చూసి వచ్చేవాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండా వీధి చివరిదాకా నడిచేవాళ్ళు.

చలికాలంలో లోతైన మడతలున్న కొత్త అచ్చు ఒకటి వచ్చింది. దాని మొదటి పోత రోజు వదిన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ముక్కు మీద చెమట.

"అమ్మాయ్, తాళంచెవి."

"బుష్షులు పెట్టేశారా?"

ఆమె అచ్చు వైపు తల తిప్పింది. అవతల రెసిన్ కలిపేశారు, ఇక ఆపితే గిన్నెలోనే గట్టిపడుతుంది. "లోపలి మడతలో పలచగా పడిందేమో. ఒక్కసారి. బుష్‌కి చెయ్యి అడ్డం పెట్టి కొడతాను," అంది. ఆ కళ్ళు చూస్తే ఎవరైనా ఇచ్చేస్తారు. నాకూ భయమే. కొత్త అచ్చు పాడైతే ఏమవుతుందో నాకు తెలియనిదా? అయినా తాళంచెవిని గుప్పిట బిగించి పట్టుకుని, ఇవ్వనన్నాను. ఆమె ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది.

దిమ్మె అంటుకుపోయింది. సరిగ్గా ఆమె చెప్పిన మడత దగ్గరే. ఉలి పెట్టాల్సి వచ్చింది, దిమ్మె రెండు ముక్కలైంది, కొత్త అచ్చులో గీత పడింది. తొందరయ్య తన పాత గొంతు తీశాడు. వదిన తల వంచుకుని అంతా వింది. ఆయన వెళ్ళాక విరిగిన ముక్కను బల్లకున్న పట్టకారులో బిగించి, బుష్‌లో బోల్టు పెట్టి, గొలుసు తగిలించి నన్నూ పట్టమంది. ఇద్దరం వేలాడినట్టే లాగాం. చివరికి ఎపాక్సీ పెచ్చు ఊడింది కానీ బుష్ మిగతా దాన్ని వదల్లేదు.

ఆ ముక్కను గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకెళ్ళింది. అన్నయ్య బూట్లు విప్పుతుంటే తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇవాళ ఒకటి అచ్చుకు అంటుకుపోయింది. తిట్లు తిన్నాను."

ఆయన ముక్కను తిప్పి చూశాడు. వెళ్ళి పట్టకారు తెచ్చి, ముక్కను మోకాళ్ళ మధ్య బిగించి, బుష్ అంచు పట్టుకుని లాగాడు. మెడ నరాలు ఉబ్బేదాకా లాగాడు.

"రావట్లేదే," అన్నాడు.

"ఇంకోసారి లాగి చూడండి," అంది వదిన.

ఆయన తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ లాగాడు.